అల్లం తోడు

“అల్లమంటే నాకు తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది” అన్నాడట వెనకటికొకడు. తెలియనిది తెలిసినట్లు మాట్లాడేవారిని ఎగతాళి చేయడానికి మనవాళ్ళు ఈ సామెత చెబుతుంటారు. కాని ఆ అమాయకుని మాట నిజమయ్యే చోటు ఒకటి ఉన్నది. అల్లపు ఘాటు, బెల్లపు తీపి, ఆ రెంటి నడుమ సన్నని పులుపు ఒక్క గుక్కలో నాలుకకు తగిలే పానీయమది. గోలీ సోడాలోకి వాయువును యంత్రంతో ఎక్కిస్తారు. ఇందులో వాయువు తనంతట తానే పుడుతుంది.

ఈ పానీయం 18వ శతాబ్దం నుంచీ ఇంగ్లండులో ప్రచారంలో ఉన్నది. అక్కడివారు దీనిని జింజర్ బీర్ అన్నారు. ఎన్నో ఇళ్ళలో ఒక సీసాలో చక్కెర నీళ్ళు పోసి, అందులో తెల్లని జిగురు పలుకుల వంటి పదార్థాన్ని పెంచేవారు. అది పెరిగినకొద్దీ ఇరుగుపొరుగులకు పంచేవారు. దానికి “మొక్క” అని పేరు పెట్టుకున్నారు గాని, నిజానికది మొక్క కాదు. హారీ మార్షల్ వార్డ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాని గుట్టు విప్పి 1892లో ప్రకటించాడు. అంతకుముందు 1880 ప్రాంతాలలో సింహళానికి వచ్చి, కాఫీ తోటలను పాడుచేసిన ఆకు తెగులును పరిశీలించినవాడు కూడా ఈయనే. ఆ జిగురు పలుకులలో ముఖ్యమైనవి రెండు సూక్ష్మజీవులనీ, ఒకటి ఈస్టు, రెండవది బాక్టీరియా అనీ, ఆ రెండూ ఒకదానికొకటి ఆసరాగా బతుకుతున్నాయనీ ఆయన కనుగొన్నాడు. రెంటినీ విడదీసి, తిరిగి కలిపి, ఆ పదార్థాన్ని మళ్ళీ పుట్టించి చూపాడు.

మనకు ఆ పలుకులు దొరకకపోయినా చింత లేదు. అల్లం తొక్కమీదనే ఇటువంటి సూక్ష్మజీవులు సహజంగా ఉంటాయి. వాటికి తిండీ, నీరూ, కాస్త వ్యవధీ ఇస్తే చాలు. పాలను పెరుగుగా మార్చేదానిని మనం తోడు అంటాము. దీనిని అల్లం తోడు అనుకుందాము.

అర లీటరు నీటిని కాచి పూర్తిగా చల్లార్చండి. కొళాయి నీటిలోని క్లోరిన్ సూక్ష్మజీవులకు గిట్టదు, కనుక కాచడం అవసరం. శుభ్రమైన గాజు సీసాలో ఆ నీటిని పోసి, రెండు చెంచాల అల్లం కోరు, రెండు చెంచాల పంచదార వేసి కలపండి. అల్లాన్ని బాగా కడగాలి గాని తొక్క తీయకూడదు. సీసా మూతికి పలుచని గుడ్డ కట్టి, ఎండ తగలని చోట ఉంచండి. ప్రతిరోజూ ఒక చెంచా అల్లం, ఒక చెంచా పంచదార చేర్చి కలుపుతుండాలి. మన వేసవి వేడికి మూడు నుంచి ఐదు రోజులలో పైన నురుగు కడుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటే చిటచిట వినిపిస్తుంది. వాసన పుల్లగా, హాయిగా ఉండాలి. కుళ్ళు వాసన వచ్చినా, రంగు రంగుల బూజు పట్టినా మొత్తం పారబోసి సీసాను మరగకాచిన నీటితో కడగండి. పైపైన తీసివేసి వాడుకోవచ్చునన్న పొదుపు ఇక్కడ పనికిరాదు.

తోడు సిద్ధమైన తరువాత పని సులువు. లీటరున్నర నీటిలో రెండంగుళాల అల్లం దంచి వేసి, 150 గ్రాముల బెల్లమో పంచదారో కలిపి పావుగంట మరిగించి వడగట్టండి. గోరువెచ్చన కూడా పోయి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిమీద తోడు వేస్తే అందులోని జీవమంతా చచ్చిపోతుంది. రెండు నిమ్మకాయల రసం పిండి, వడగట్టిన తోడు అరకప్పు కలిపి, మూడు వేళ్ళ ఖాళీ వదిలి సీసాలలో పోయండి. వాడగా మిగిలిన తోడుకు మళ్ళీ నీరు, అల్లం, పంచదార చేరిస్తే ఎన్నాళ్ళైనా బతుకుతుంది.

ఇక అసలు సంగతి. ఈ పానీయంలో నేర్పంతా చేయడంలో లేదు, ఆపడంలో ఉన్నది. ఆ సంగతి నేను నష్టపడి తెలుసుకున్నాను.

మొదటి వేసవిలో రెండు గాజు సీసాలు నింపి, మూతలు బిగించి, వంటింటి అలమరలో పెట్టి, పిల్లవాణ్ణి తీసుకుని పెళ్ళికి వెళ్ళాను. మా అత్తగారు ఇంట్లోనే ఉన్నారు. మూడవరోజు తిరిగివచ్చేసరికి ఆవిడ నా ముందొక చేట పెట్టారు. చేటలో గాజుపెంకులు. మధ్యాహ్నం తుపాకి పేలినట్లు చప్పుడైందట. పెంకులు ఆవకాయ జాడీ వాసెనగుడ్డలో గుచ్చుకున్నాయి, గడప దాటి నడవలోని చాపమీద కూడా పడ్డాయి. రోజూ ఆ వేళకు మావాడు నిద్రపోయేది ఆ చాపమీదనే.

“పాలకు తోడువేసి మరిచిపోతే పెరుగు పులుస్తుంది, అంతే. నువ్వు దీని నోరు బిగించావు. మా పుట్టింట్లో తరవాణి కుండమీద మూకుడు బోర్లించేవాళ్ళమే గాని, ఎవరైనా బిగించారటమ్మా?” అన్నారావిడ. నేను పుస్తకాలు తిరగవేసి నేర్చుకున్నదానికంటె ఆవిడకు తెలిసినదే ఎక్కువ.

ఈస్టు చక్కెరను తిన్నంతసేపూ బొగ్గుపులుసు వాయువు పుడుతూనే ఉంటుంది. బయటకు దారి లేకపోతే ఆ ఒత్తిడికి గాజు పగులుతుంది. కనుక పలుచని గాజు సీసాలు వాడకండి. సోడా అమ్మే గట్టి ప్లాస్టిక్ సీసాలు మేలు. వేలితో నొక్కి చూడండి. సీసా రాయిలా గట్టిపడితే వాయువు నిండినట్లే. ప్రతిరోజూ మూత కొద్దిగా వదులుచేసి, బుస్సుమన్న తరువాత మళ్ళీ బిగించాలి. వేసవిలో ఒకటి రెండు రోజులు చాలును. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోగా తాగివేయండి. చల్లదనం పులియడాన్ని మందగింపజేస్తుందే గాని పూర్తిగా ఆపదు.

మరొక మాట దాచకూడదు. వాయువుతోపాటు కొద్దిపాటి మద్యసారం కూడా పుడుతుంది. త్వరగా చల్లబరిస్తే అది స్వల్పమే. ఎక్కువ రోజులు నిలవ ఉంచితే పెరుగుతుంది. అందుచేత చిన్నపిల్లలకు, గర్భిణులకు, నియమంగా మద్యం ముట్టనివారికి చెప్పకుండా ఇవ్వడం తగదు. చక్కెర అంతా పోదు గనుక మధుమేహమున్నవారూ జాగ్రత్తపడాలి.

మా అత్తగారు మొదటి గ్లాసు చేతిలోకి తీసుకుని, “ఇందులో కల్లు గుణమేమైనా ఉన్నదా?” అని అడిగారు. లేదని చెప్పడం ఎంత తేలిక! “కొంచెం ఉంటుందండీ” అన్నాను. ఆవిడ గ్లాసు మెల్లగా కింద పెట్టి, “నాకు మజ్జిగ చాలులే” అన్నారు. ఆ తరువాత ఎన్నడూ దానిని నోట పెట్టలేదు. కాని నేను ఊరికి వెళ్ళిన రోజులలో ఆ తోడుకు అల్లమూ, పంచదారా వేళకు అందించినది ఆవిడే. గుడ్డ మార్చినదీ ఆవిడే. పక్కింటివారు చిన్న గిన్నె పట్టుకుని వచ్చి, “పిన్నిగారూ, కాస్త అల్లం తోడు ఇస్తారా?” అని అడిగితే, ఇవ్వబోయే ముందు ఒక్క హెచ్చరిక తప్పకుండా చేసేవారు: “తీసుకెళ్ళమ్మా. మూత మాత్రం బిగించి మరిచిపోకు.”

మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి. ఇకమీదట ఎవరైనా అల్లం బెల్లంలా పుల్లగా ఉంటుందని అంటే నవ్వకండి. వారింట తోడు ఉన్నదేమో అడిగి, గిన్నె పట్టుకుని వెళ్ళండి.