దావా వేసే హక్కు కంపెనీకే

2021 జూన్‌లో పారిస్‌లోని ఒక కోర్టు, ఆ నగరంలో భారత ప్రభుత్వానికి ఉన్న సుమారు 20 ఆస్తులను స్తంభింపజేసేందుకు బ్రిటిష్ చమురు కంపెనీ కెయిర్న్ ఎనర్జీకి అనుమతిచ్చింది. అంతకు ముందు నెలలోనే ఆ కంపెనీ న్యూయార్క్‌లో ఎయిరిండియా మీద దావా వేసింది. బాకీ తీర్చని రైతు గుమ్మంలో కోర్టు అమీనా నిలబడ్డట్టు, ఒక అణ్వస్త్ర దేశం ముందు ప్రైవేటు కంపెనీ నిలబడింది.

తగాదా పన్నుది. 2012 జనవరిలో వొడాఫోన్ కేసులో సుప్రీంకోర్టు విదేశాల్లో జరిగిన వాటాల బదిలీకీ ఇక్కడ పన్ను కట్టాలన్న ఆదాయపు పన్ను శాఖ వాదనను కొట్టేసింది. కేంద్రం అదే ఏడాది పన్ను చట్టాన్ని 1962 నుంచి వర్తించేలా సవరించి, ఆ తర్వాత 2006 నాటి లావాదేవీకి కెయిర్న్‌ను 10,247 కోట్ల రూపాయలు కట్టమంది. 2020 డిసెంబరులో అంతర్జాతీయ మధ్యవర్తులు కంపెనీకి 120 కోట్ల డాలర్లు చెల్లించమని తీర్పిచ్చారు. మరుసటి ఆగస్టులో ఆ పన్నునే రద్దు చేసుకున్నాం.

పాత తేదీతో పన్ను వేయడం తప్పే, ఆ చట్టం పోవడమూ మంచిదే. కానీ సుప్రీంకోర్టు తీర్పును పక్కకు నెట్టగలిగిన పార్లమెంటు, ముగ్గురు మధ్యవర్తుల తీర్పును నెట్టలేకపోయింది. వాళ్లకు ఆ అధికారం ఇచ్చిందీ మనమే, 1994లో బ్రిటన్‌తో చేసుకున్న పెట్టుబడుల ఒప్పందంతో.

కంపెనీ ఓడినా పని జరుగుతుంది. సిగరెట్ పెట్టెల మీద బ్రాండు హంగులు తీసేయమన్న ఆస్ట్రేలియాపై పోరాడేందుకు ఫిలిప్ మోరిస్ తన అక్కడి వ్యాపారాన్ని హాంకాంగ్ కంపెనీ కిందికి మార్చుకుంది. 2015లో ఆ కేసు వీగిపోయింది. ఈలోగా ఆస్ట్రేలియా మీది కేసులు ఎటు తేలతాయో చూద్దామని న్యూజిలాండ్ తన చట్టాన్ని ఆపుకుంది.

మనకు దగ్గరి ఉదాహరణ విశాఖ మన్యం. 2007లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం యూఏఈలోని రస్ అల్ ఖైమాకు బాక్సైట్ ఇస్తామని ఒప్పందం చేసుకుంది. మాకవరపాలెంలో కర్మాగారం లేచింది, గిరిజనులు ఎదురుతిరగడంతో తవ్వకం మొదలుకాలేదు. రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ (నిజానికి ఒక ఎమిరేట్ ప్రభుత్వమే మదుపరి వేషంలో) యూఏఈతో మనకున్న పెట్టుబడుల ఒప్పందం ఆధారంగా భారత్‌పై మధ్యవర్తిత్వానికి వెళ్లింది. ఆ కొండల మీద బతికేవాళ్లకు ఆ ఒప్పందం కింద దావా వేసే హక్కు లేదు. నా అభ్యంతరం అసలు ఇక్కడే: రాజ్యం బలం తగ్గినందుకు కాదు, తగ్గిన మేర కంపెనీకే దక్కినందుకు.

విదేశీ మదుపరి ముందుగా ఐదేళ్లు ఇక్కడి న్యాయమార్గాల్లోనే ప్రయత్నించాలని 2016 నమూనా ఒప్పందంలో గట్టిగానే రాసుకున్నాం. 2024లో యూఏఈతో కొత్త ఒప్పందం కుదిరేసరికి అది మూడేళ్లయింది. పెట్టుబడి కావాలి కాబట్టి తగ్గారనుకుందాం. ఆ తగ్గింపును ఓటుతో ఆమోదించే పని మాత్రం పార్లమెంటుకు పడలేదు. విదేశీ ఒప్పందాలకు సభ ఆమోదం ఉండాలన్న నిబంధన మన రాజ్యాంగంలో లేదు. సంతకానికి ముందే ముసాయిదాను సభలో పెట్టేలా చట్టం చేసుకోవడానికి ఏ మధ్యవర్తీ అడ్డురాడు.