మేలుకే కాదు, గాయానికీ సాక్ష్యం ఉంది

స్వస్థత కూటాలతో పేరుపొందిన పంజాబ్ పాస్టర్ బజీందర్ సింగ్‌కు 2025 ఏప్రిల్ 1న మొహాలీ కోర్టు యావజ్జీవ శిక్ష విధించింది. 2018 నాటి అత్యాచారం కేసు అది. బాధితురాలు ఏడేళ్లు నిలబడింది. ఇంగ్లండ్‌లో క్రైస్తవ శిబిరాల్లో బాలురను హింసించిన వ్యక్తి విషయంలో చర్చి మౌనం బయటపడ్డాక, ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ 2024 నవంబరులో రాజీనామా ప్రకటించారు. రెండు చోట్లా కదలిక తెచ్చింది బాధితుల నోటిమాటే.

అన్ని గాయాలూ కోర్టుదాకా రావు. దశమ భాగం ఇవ్వకపోతే శాపమనడం, ప్రార్థన చాలు మందులు మానేయమనడం, ప్రశ్నించినవారిని వెలివేయడం కూడా దేవుడి పేరిట జరిగే పీడనే.

దుర్గాపూర్ వంటి బొగ్గు గనుల ఊళ్లలో స్థిరపడ్డ మన కుటుంబాలకు సంఘమంటే ప్రార్థన ఒక్కటే కాదు. పెళ్లి సంబంధం, చావు కబురు, సొంత భాష అన్నీ అక్కడే. అందుకే నోరు విప్పితే పోయేది ఎక్కువ.

మహారాష్ట్రలో 2013 నుంచి అమల్లో ఉన్న మూఢాచారాల నిరోధక చట్టం ఏ ఒక్క మతానికో పరిమితం కాదు. అద్భుతాల పేరుతో మోసగించి డబ్బు గుంజితే 6 నెలల నుంచి 7 ఏళ్ల జైలు. మహిళలకు 181, పిల్లలకు 1098 ఉన్నాయి.

చట్టంకన్నా ముందు సంఘమే అడగాలి: పాస్టరుగారిపైనే ఫిర్యాదైతే వినేదెవరు? స్త్రీలున్న కమిటీ ఉందా? కానుకల లెక్క అందరికీ చూపుతున్నారా? మేలు జరిగితే సాక్ష్యం చెప్పమంటాం. గాయపడినవారు చెప్పేదీ సాక్ష్యమే.