ముహూర్తం అయిపోయింది, నడక ఆగిపోయింది

2020 ఫిబ్రవరిలో టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా తన ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో పంచుకున్నారు. ఒక ఫొటోలో ఆమె బరువు 89 కిలోలు, రెండోదానిలో 63. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. గర్భంతో ఉన్నప్పుడు 23 కిలోలు పెరిగిన ఆమె ఆ తర్వాత 26 కిలోలు తగ్గారు. 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని హోబార్ట్ టోర్నీలో ఉక్రెయిన్ క్రీడాకారిణి నదియా కిచెనోక్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచారు. రెండేళ్లకు పైగా ఆటకు దూరంగా ఉండి, తిరిగొచ్చి ఆడిన మొదటి టోర్నీలోనే ఆ విజయం దక్కింది.

ఆమె పట్టుదల గురించి చాలామంది రాశారు. రాయాల్సిందే. అయితే ఆమె తిరిగి వెళ్లడానికి ఒక కోర్టు ఉంది, ఆ కోర్టులో దిగడానికి ఒక తేదీ ఉంది, ఆ తేదీ దాటితే ఇంకో టోర్నీ ఉంది. వెంట శిక్షకులున్నారు. మన మదనపల్లె వైపు రామసముద్రంలోనో పుంగనూరులోనో పుట్టింట్లో బాలింతతనం గడిపి, బిడ్డను చంకనేసుకుని అత్తగారింటికి తిరిగొచ్చిన అమ్మాయికి అలాంటి తేదీ ఎవరిస్తారు?

మన వైపు బరువు తగ్గాలన్న ఆలోచన చాలావరకు ఏదో ఒక ముహూర్తంతోనే పుడుతుంది. తాంబూలాలు మార్చుకున్న రోజు నుంచి పెళ్లికూతురు రాత్రి భోజనం మానేస్తుంది. పోలీసు ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడితే కుర్రాళ్లు తెల్లవారకముందే మైదానంలో 1600 మీటర్ల పరుగు సాధన మొదలుపెడతారు. బిడ్డ పెళ్లికి ఆరు నెలల ముందు తల్లి నడక మొదలుపెడుతుంది. ఆ రోజు రానే వస్తుంది, బాగానే జరుగుతుంది. మరుసటి వారం కొత్త జంటకు చుట్టాల ఇళ్లలో విందులు, ఓళిగలు, నెయ్యి. ఉద్యోగం వచ్చిన కుర్రాడికి మైదానంతో పని లేదు. ఏడాది తిరిగేసరికి తగ్గిన కిలోలు తిరిగొస్తాయి, కొన్నిసార్లు మరో రెండు మూడు తోడు తెచ్చుకుని. “పెళ్లయినాక ఒళ్లు చేసింది” అని ఊరు ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఆ మాట విన్న అమ్మాయి తప్పంతా తనదే అనుకుంటుంది.

తప్పంతా ఆమెది కాదు. అమెరికాలో ‘ద బిగ్గెస్ట్ లూజర్’ అనే టీవీ పోటీ ఉండేది, ఎక్కువ బరువు తగ్గినవారే విజేతలు. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం మళ్లీ పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించింది. 30 వారాల్లో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు ఆరేళ్లలో 41 కిలోలు తిరిగి పెరిగారు. వాళ్ల శరీరాలు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి, ఆ బరువున్న మనిషికి మామూలుగా ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. ఆస్ట్రేలియాలో 50 మందితో మొదలుపెట్టిన మరో అధ్యయనం 2011లో వెలువడింది. పది వారాల కఠిన పథ్యంతో బరువు తగ్గినవారిలో ఆకలిని పెంచే హార్మోన్లు ఏడాది గడిచినా పాత స్థితికి రాలేదని అది చూపింది. పోయిన బరువును శరీరం కరువుగా భావించి తిరిగి కూడబెట్టుకోవాలని చూస్తుంది. మూడు నెలలు కడుపు మాడ్చుకున్న పెళ్లికూతురికి నాలుగో నెలలో ఆకలి దంచేస్తుంటే, అది ఒంటి స్వభావం.

2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన, బరువు తగ్గించే కొత్త సూది మందుల సంగతీ ఇంతే. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ మానేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్టు 2022లో తేలింది. మందు పనిచేస్తుంది, వాడినన్నాళ్లు.

కరువు మాట ఊరికే రాలేదు. ఈ ప్రాంత పెద్దలు ఒకనాటి ధాత కరువు కథలు వింటూ పెరిగినవాళ్లు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం వెలిసింది. క్షయకు మందులు లేని ఆ కాలంలో మంచి తిండి, విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి ఇచ్చేవారు. రోగి బరువు పెరిగితే ప్రాణానికి భయం లేదని వైద్యులు ధైర్యపడేవారు. తరతరాలుగా ఒళ్లు పట్టడం అంటే బతికి బట్టకట్టడం. అందుకే నాలుగు కిలోలు తగ్గిన మనవరాలిని చూసి అవ్వ “ఏమ్మే, ఇట్ల చిక్కిపోయినావు, తిండి పెట్టడంలేదా?” అని గాబరా పడుతుంది, కంచంలో ఇంకో ముద్ద వేస్తుంది. ఆ అవ్వ ప్రేమను తప్పుపట్టలేం. ఆమె వయసులో ఉన్నప్పుడు పొలం పని, నీళ్లు మోయడం, రోలు, తిరగలి ఉండేవి. ఇప్పుడు మనవరాలికి మిక్సీ, మోటారు ఉన్నాయి.

ఫలితం అంకెల్లో కనిపిస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి వంద మంది స్త్రీలలో 36 మందికి పైగా అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 24. ఆ సర్వేలో అధిక బరువుకు గీత 25 బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) దగ్గర గీశారు. మనవాళ్లలో షుగరు అంతకంటే తక్కువ బరువుకే వస్తుందని మన వైద్యులు 23 నుంచే జాగ్రత్త పడమంటున్నారు. 155 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి అది సుమారు 55 కిలోలు. నడుము కొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదు.

మరి ముహూర్తం దాటాక ఆ పట్టు తిరిగి ఎలా వస్తుంది? దానికోసం ఎదురుచూడటమే దండగ. పెళ్లి లాంటి కారణం మళ్లీ మళ్లీ రాదు. అంతకంటే చిన్నది, రోజూ వచ్చేది ఒకటి వెతుక్కోవాలి. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు ఆవులున్నాయి. పొద్దున, సాయంత్రం డెయిరీ కేంద్రంలో పాలు పోయాలి. ఒకప్పుడు క్యాన్ చేత్తో పట్టుకుని నడిచి వెళ్లేవారు, ఇప్పుడు ఇంట్లో కుర్రాడు బండి మీద రెండు నిమిషాల్లో పోసి వస్తున్నాడు. ఆ రెండు పూటల్లో ఒక పూటైనా కోడలికి వదిలిపెడితే చాలు, నడకకు వేరే సంకల్పం అక్కర్లేదు. పాలు ఏ రోజూ ఆగవు, నడకా ఆగదు. బిడ్డను ఆ అరగంట అత్త చూసుకోవాలి. ఈ ఒక్క సాయం లేకే చాలామంది ఆగిపోతున్నారు. మదనపల్లెలోనో కుప్పంలోనో ఉన్నవాళ్లు మైదానానికి వెళ్తే ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లాలి. తోడు పిలుస్తుంటే మంచం మీద పడుకోవడం కష్టం.

కంచం సంగతీ చూడాలి. రాగి సంగటి తింటే బరువు తగ్గుతుందని పట్నాల్లో కొత్త నమ్మకం బయలుదేరింది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 320 కేలరీలుంటే, బియ్యంలో 355 దాకా ఉంటాయి, పెద్ద తేడా లేదు. తేడా అంతా పీచులో ఉంది. రాగుల్లో 11 గ్రాములు, తెల్లబియ్యంలో 3 గ్రాములకు లోపే. అందుకే సంగటి తిన్న కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంటుంది. ముద్ద పరిమాణం మాత్రం తగ్గాలి, పక్కన ఆకుకూర పప్పు, పితికిపప్పు పెరగాలి, చెనక్కాయల ఊరిబిండి మీద నూనె తగ్గాలి. పాలిచ్చే తల్లులు కడుపు మాడ్చుకోకూడదు. మొదటి ఆరు నెలలు వాళ్లకు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నాయి. ఎంతకీ అలసట తగ్గకపోతే బద్ధకమని తిట్టుకోకుండా రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి.

కాటా ముల్లు కదలకపోయినా నడక వృథా పోదు. పొరుగునే ఉన్న చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని సుమారు రెండున్నరేళ్లు గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. తిండి మార్చుకుని, నడక పెంచుకున్నవారిలో షుగరు ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది, వాళ్ల బరువు పెద్దగా తగ్గకుండానే. పెళ్లినాటి 52 కిలోలకు తిరిగి వెళ్లలేకపోయానని నడక మానేసినవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గినా బీపీ, షుగరుల్లో మేలు కనిపిస్తుంది. అమెరికాలో 1994లో మొదలైన ఒక రిజిస్ట్రీ, బాగా బరువు తగ్గి దాన్ని నిలబెట్టుకున్న వేలమందిని గమనిస్తోంది. వాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది కనీసం వారానికోసారి బరువు చూసుకుంటారు. మన ఊళ్లో ఆ పని వారపు సంత రోజుకు పెట్టుకోవచ్చు.

ఇంట్లోవాళ్లు చేయాల్సినది ఇంత ఉంటే, ఆరోగ్య శాఖ చేయాల్సినదీ కొంత ఉంది. గర్భిణిగా ఉన్నన్నాళ్లు తల్లి బరువు కార్డులో రాస్తారు. కాన్పు అయ్యాక కాటా మీద బిడ్డ మాత్రమే ఎక్కుతుంది, ఎత్తుకొచ్చిన తల్లి బరువు అడిగేవారు అరుదు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాకు తల్లి తీసుకొస్తుంది. ఆ రోజే ఏఎన్‌ఎంలు ఆమె బరువు, నడుము కొలత, బీపీ కూడా అదే కార్డులో రాయాలి, ఏడాదిన్నరకు వేసే టీకాల నాడు మళ్లీ చూసి పోల్చాలి. కొత్త పథకం అవసరం లేదు, కాటా ఉంది, టేపు ఉంది, తల్లి ఎదురుగానే ఉంది. రామసముద్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచే ఇది మొదలుపెట్టమని అధికారులను కోరుతున్నాం.