మరక ఒకచోట, మూలం మరొకచోట

బనగానపల్లె ప్రాంతంలో ఇంటి ముంగిట నాపబండలు పరచుకోవడం పాత అలవాటు. ఆ బండలపై పడిన మరక దాగదు. మా వాకిట నిలిపే పాత పెట్రోలు కారు కింద ప్రతి ఉదయం అరచేతి వెడల్పున నల్లని మరక కనిపించేది. ఒక్క ఏడాదిలో మూడు మార్లు బాగు చేయించాము. మూడు మార్లూ కొన్ని వారాలు ఆగి, ఆయిల్ కారడం మరల మొదలైంది.

మారుతి 800, అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయింది. అయినా అటువంటి పాత బండ్లనే నమ్ముకొని ఆసుపత్రులకు, పెళ్ళిళ్ళకు వెళ్ళివచ్చే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. మా అమ్మగారిని నెలకొకసారి కర్నూలు వైద్యుని వద్దకు తీసుకువెళ్ళేదీ ఇటువంటి బండిలోనే. కనుక మా అనుభవం కొందరికైనా ఉపకరిస్తుందని ఇక్కడ వివరిస్తున్నాము.

మొదట ఇంజన్ పైనున్న ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చారు. తరువాత అడుగున ఉన్న ఛాంబర్ ప్యాకింగ్, ఆ పిమ్మట ముందువైపు ఆయిల్ సీల్. చివరకు వెనుక సీల్ మార్చాలనీ, అందుకు గేర్‌బాక్స్ దించాలనీ మెకానిక్ చెప్పాడు. ఆ ఖర్చు విని మేము ఉలిక్కిపడ్డాము. అతడు మోసం చేస్తున్నాడని ఇంట్లో అనుకున్నాము. అంతటితో ఆగక ఇరుగుపొరుగు వారితోనూ అన్నాము.

ఆ దశలో, పని మానుకొని ఇంటిపట్టున ఉంటున్న ఒక వృద్ధ మిస్త్రీని పిలిపించాము. ఆయన బండి కిందికి తొంగిచూసి, "ఏ పానా పట్టకముందు ఇంజన్ కడగండి భాయ్. ఇంత జిడ్డులో ఎవరికైనా ఏం కనిపిస్తుంది?" అన్నారు.

ఆయన చూపిన పద్ధతి సులువైనది. ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాత విద్యుత్ భాగాలను ప్లాస్టిక్ సంచితో కప్పి, డీజిల్‌లో ముంచిన బ్రష్‌తో జిడ్డును తొలగించి, గుడ్డతో పొడిగా తుడిచాము. అనుమానమున్న అతుకులపై పలుచగా టాల్కం పౌడర్ అద్దాము. పది నిమిషాలు బండి నడిపి, ఇంజన్ ఆపి, టార్చిలైటుతో పైనుంచి కిందికి పరిశీలించాము. పౌడర్ ఎక్కడ మొదట తడిసిందో అదే ఆయిల్ బయటపడుతున్న చోటు. కారిన ఆయిల్ కిందికి జారుతుంది, నడిచే బండిలో గాలి దానిని వెనక్కి నెడుతుంది. అందువల్ల చుక్క రాలే చోటును చూసి లోపం అక్కడే ఉందని నిర్ణయించరాదు. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందికి దూరడం మాత్రం ప్రాణాపాయం.

మా బండిలో పౌడర్ పైకవర్ అంచునే తడిసింది. అంటే గేర్‌బాక్స్ దించవలసిన అవసరమే లేదు. మరి కొత్త ప్యాకింగ్ ఎందుకు నిలవలేదు? మిస్త్రీ ఇంజన్‌ను నిదానంగా తిరగనిచ్చి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రంపై పలుచని కాగితం ఉంచారు. కాగితం ఎగిరిపడింది.

పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత వాయువు ఇంజన్ అడుగుభాగంలోకి చేరడం సహజం. దానిని బ్రీదర్ పైపు ఎయిర్ ఫిల్టర్ వైపు తీసుకుపోతుంది. ఆ పైపు మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనమైన అతుకు ఏది దొరికితే దానినుంచి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. ఒక అతుకు బిగిస్తే మరొకటి కారుతుంది. మా బండి బ్రీదర్ పైపు విప్పగా, వంపు వద్ద తారువంటి జిడ్డు గడ్డకట్టి ఉంది. పైపు మార్చి, అది తగిలే గొట్టాలను శుభ్రపరచి, మరల కాగితం ఉంచగా అది కదలలేదు. పైకవర్ ప్యాకింగ్‌ను మాత్రం కొత్తది వేశాము. బోల్టులను అతిగా బిగిస్తే కవర్ వంగి మరల కారుతుందని మిస్త్రీ హెచ్చరించారు. పైపు బాగు చేసిన తరువాత కూడా కాగితం ఎగిరితే రింగులు అరిగి ఉండవచ్చు. అప్పుడు కంప్రెషన్ పరీక్ష చేయించాలి.

కారణం దొరికేవరకు వారానికొకసారి, చదునైన చోట, చల్లని ఇంజన్‌లో డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తు దాటేంత పోయడమూ హానికరమే. దారిలో ఆయిల్ దీపం ఎర్రగా వెలిగితే వెంటనే ఇంజన్ ఆపాలి. వేడి సైలెన్సర్ గొట్టంపై ఆయిల్ పడి పొగ వస్తుంటే ఆ బండిని నడపనేరాదు. నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

మాకు మరొక పని మిగిలింది. మొదటి మెకానిక్ కారణాన్ని గుర్తించలేకపోయాడు, నిజమే. కానీ అతడు వేసిన ప్యాకింగులలో లోపం లేదు, మమ్మల్ని మోసగించే తలంపూ అతనికి లేదు. షాపుకు వెళ్ళి బ్రీదర్ పైపు సంగతి వివరించి, అతని గురించి నలుగురిలో అన్న మాటను ఒప్పుకొని క్షమాపణ కోరాము. అతడు కొంతసేపు మౌనంగా ఉండి, "ఆ మాట ఎవరెవరితో అన్నారో వాళ్ళకు కూడా చెప్పండి భాయ్" అన్నాడు.

ఆ సాయంత్రమే పొరుగిళ్ళకు వెళ్ళి చెప్పివచ్చాము. నాపబండ మీది పాత మరక ఇంకా పూర్తిగా పోలేదు. కొత్త చుక్క మాత్రం పడలేదు.