పడిశం లెక్కలో ఫ్లూను కలపొద్దు

పడిశానికి మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు. పడిశం వరకు ఆ మాట నిజం. ఫ్లూకి అంటగడితేనే ప్రాణం మీదికొస్తుంది. పడిశం ముక్కు కారుతూ, గొంతు గరగరలాడుతూ మెల్లగా వచ్చి మెల్లగా పోతుంది. ఫ్లూ అలా రాదు. పొద్దున డ్యూటీకి వెళ్లిన మనిషి సాయంత్రానికి వణుక్కుంటూ ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా మంచం మీద వాలిపోతాడు. 102, 103 డిగ్రీల జ్వరం, కళ్ల వెనకాల పోటు, ఎముకలు విరిచినట్టు నొప్పులు, పొడి దగ్గు. ఎప్పుడు మొదలైందని అడిగితే గంటతో సహా చెప్పగలడు.

2023 మార్చిలో జంషెడ్‌పూర్ టాటా మెయిన్ హాస్పిటల్‌లో ఒక వృద్ధురాలికి హెచ్3ఎన్2 రకం ఫ్లూ ఉన్నట్టు తేలింది. ఝార్ఖండ్‌లో ఇదే తొలి కేసు అని పత్రికలు రాశాయి. అదే నెలలో కర్ణాటకలోని హాసన్‌లో ఒకరు, హర్యానాలో ఒకరు ఈ వైరస్‌తో చనిపోయినట్టు కేంద్రం ధ్రువీకరించింది. ఆ ‘తొలి’ అన్న మాట దగ్గర మనం ఆగాలి. హెచ్3ఎన్2 కొత్త వైరస్ కాదు. 1968లో హాంకాంగ్ ఫ్లూ పేరుతో ప్రపంచాన్ని చుట్టి, అప్పటి నుంచి ఏటా మనుషుల మధ్యే తిరుగుతోంది. అది సువర్ణరేఖ నది దాటి జంషెడ్‌పూర్‌లోని సాక్చీ బజారు చేరడానికి 55 ఏళ్లు పట్టిందంటే ఎవరు నమ్ముతారు? పరీక్షకు వెళ్లని గొంతులు, లెక్కకెక్కని జ్వరాలు, ‘ముసలాయన నిమోనియాతో పోయాడు’ అని ముగించేసిన కబుర్లు అంతకుముందు ఎన్ని ఉండి ఉంటాయో ఆలోచించాలి.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ‘వాళ్లు టాటాలో ఉంటున్నారు’ అంటే జంషెడ్‌పూర్ అనే అర్థం. టాటా ఉక్కు కర్మాగారంలో కొలిమి పనికి వెళ్లి కదమాలో, సోనారిలో, గోల్మురిలో, టెల్కోలో స్థిరపడి, మూడు నాలుగు తరాలుగా తెలుగు నిలబెట్టుకున్న కుటుంబాలవి. ఈ ఊరి పేరుకూ ఫ్లూకూ ఒక చేదు సామీప్యం ఉంది. 1918లో ఫ్లూ బొంబాయి రేవులో దిగి, రైలు పట్టాల వెంట దేశమంతా పాకింది. మన దేశంలో కోటీ 20 లక్షల నుంచి 2 కోట్ల మంది దాకా పోయారని చరిత్రకారుల అంచనా. ఎక్కువ చావులు ఆ ఏడాది చివరి నెలల్లోనే. ఆ వెంటనే, 1919 జనవరి 2న, మొదటి ప్రపంచ యుద్ధానికి టాటా కంపెనీ రైలు పట్టాలు అందించినందుకు కృతజ్ఞతగా వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి వచ్చి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. చావుల నీడ ఇంకా తొలగకముందే పెట్టిన పేరది.

అప్పటివాళ్ల చేతిలో ఏమీ లేదు. టీకా లేదు, మందు లేదు, రోగానికి కారణం వైరస్ అన్న సంగతీ తెలియదు. మన చేతిలో అన్నీ ఉన్నాయి. ఉండి కూడా వాడుకోవడం లేదన్నదే ఈ పత్రిక బాధ.

సాయంత్రం ఏ మందుల షాపు ముందైనా పది నిమిషాలు నిలబడి చూడండి. జ్వరం, ఒళ్లు నొప్పులు, దగ్గు అంటాడు వచ్చిన మనిషి. కౌంటర్ వెనక కుర్రాడు ఇంకేమీ అడగడు. అజిత్రోమైసిన్ బిళ్లలు మూడు, ఒక పారాసెటమాల్ పట్టీ, ఒక దగ్గు సిరప్ కాగితపు కవర్లో వేసి ఇచ్చేస్తాడు. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియాను చంపే మందు. ఫ్లూ వైరస్‌ను అది ముట్టుకోనైనా ముట్టుకోదు. 2023 మార్చిలోనే ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ఈ మందు పేరూ, అమోక్సిక్లావ్ పేరూ చెప్పి మరీ, దగ్గూ జ్వరాలకు ఇష్టం వచ్చినట్టు మింగొద్దని హెచ్చరించింది. ఫ్లూకి పనిచేసే మందు ఒసెల్టామివిర్. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు డాక్టరు సలహాతో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ రెండు రోజులూ మన ఇళ్లలో మిరియాల కషాయంతో, ఆవిరి పట్టడంతో గడిచిపోతాయి. కషాయం తాగండి, గొంతుకు హాయిగా ఉంటుంది. పెద్దవాళ్లకు ఆయాసం వచ్చినా, పసిపిల్ల పాలు తాగడం మానేసినా, పెదవులు నీలంగా మారినా మాత్రం కషాయం పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఫ్లూ ఊపిరితిత్తులతో ఆగదు. కెనడాలోని ఒంటారియోలో జరిగి 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఫ్లూ నిర్ధారణ అయిన తర్వాతి వారం రోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే ఆరు రెట్లు ఎక్కువని తేలింది. షుగరు, బీపీ మందులు లేని ఇల్లు వెతికినా దొరకని ఈ రోజుల్లో ఇది మన ఇంటి సంగతి. ప్రపంచమంతటా ఏటా 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది ఫ్లూ తెచ్చే శ్వాసకోశ సమస్యలతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

ఇక టీకా. ‘పోయినేడు వేయించుకున్నాం కదా, మళ్లీ ఎందుకు?’ అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఈ వైరస్ ఏటా కొద్దికొద్దిగా వేషం మారుస్తుంది. నిరుటి వేషాన్ని గుర్తుపట్టిన మన రక్షణ శక్తి ఈ ఏటి వేషం ముందు తడబడుతుంది. పైగా టీకా ఇచ్చిన బలం నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి ఏ రకాలతో టీకా చేయాలో చెబుతుంది. ‘వేసుకున్నా జ్వరం వచ్చింది’ అన్నది రెండో ఫిర్యాదు. రావచ్చు. వైరస్‌తో బాగా కుదిరిన ఏడాదిలో కూడా ఈ టీకా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూని 40 నుంచి 60 శాతమే తగ్గిస్తుంది. శరీరం సిద్ధం కావడానికి రెండు వారాలు పడుతుంది. కానీ వచ్చిన ఫ్లూ వెంటిలేటర్ దాకా పోకుండా ఆపడంలోనే దాని అసలు విలువ ఉంది. మామూలుగా వేసే ఇంజెక్షన్ టీకాలో బతికున్న వైరస్ ఉండదు కనుక టీకా వల్లే ఫ్లూ వచ్చిందన్న మాటకు ఆధారం లేదు. అర మిల్లీలీటరు మందు, భుజం కండలో ఒక్క పోటు, ఒకటి రెండు రోజులు చెయ్యి సలపరం. అంతే.

మన దేశంలో ఫ్లూ రెండుసార్లు విజృంభిస్తుంది, వానల వేళ ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి. దీని పక్కన జంషెడ్‌పూర్ క్యాలెండర్ పెట్టి చూడండి. జనవరిలో సంక్రాంతికి విజయనగరం వైపు వెళ్లే రైళ్లలో కాలు పెట్టే చోటుండదు. మార్చి 3న జంషెడ్‌జీ టాటా జయంతికి జూబిలీ పార్కు దీపాలు చూడ్డానికి ఊరంతా కదులుతుంది. పండగలు మానమని ఎవరూ అనరు, మేమూ అనం. పండక్కి కొత్త బట్టలు కొన్నట్టే ఇంట్లో పెద్దవాళ్లకు టీకా వేయించడం కూడా ఏర్పాట్లలో ఒకటి కావాలంటున్నాం.

అయితే భారమంతా కుటుంబాల మీదికి నెట్టి ఊరుకోవడం అన్యాయం. ఫ్లూ టీకా ఇప్పటికీ మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు. ప్రైవేటులో ఒక డోసు రెండు వేల రూపాయలకు అటూఇటూగా ఉంటుంది. అమ్మానాన్నలు, గర్భిణి అయిన కోడలు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అది నెల సరుకుల డబ్బు. తొలిసారి వేసే చిన్నపిల్లలకు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి కూడా. పర్మనెంట్ ఉద్యోగికి కంపెనీ ఆసుపత్రి అండ ఉంటుంది. పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లో చిన్న షెడ్డులో కాంట్రాక్టర్ కింద పనిచేసే మనిషికి? జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే నాలుగు రోజుల కూలి పోతుంది. అందుకే జ్వరంతోనే బీ షిఫ్టుకు వెళతాడు. పక్కన నిలబడ్డ ముగ్గురికి అంటిస్తాడు. ఆ ముగ్గురూ రాత్రికి తమ ఇళ్లకు మోసుకుపోతారు. దుమ్ములో, పొగలో ఏళ్లు గడిపి ఇప్పటికే దెబ్బతిన్న ఊపిరితిత్తుల మీదికి ఫ్లూ వస్తే ఏమవుతుందో చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు.

ఈ ఊరికి దారి చూపే సంప్రదాయం ఉంది. టాటా స్టీల్ 1912లో 8 గంటల పని దినాన్ని, 1915లో ఉచిత వైద్యాన్ని మొదలుపెట్టింది. ఈఎస్ఐ చట్టం వచ్చింది 1948లో. చట్టం అడగకముందే కార్మికుడి ఆరోగ్యాన్ని తన బాధ్యతగా తీసుకున్న ఊరు ఫ్లూ టీకా విషయంలోనూ ముందు నడవాలి. జంషెడ్‌పూర్, ఆదిత్యపూర్ పరిశ్రమలన్నీ గేటు లోపల అడుగుపెట్టే ప్రతి కార్మికుడికీ, కాంట్రాక్టు మనిషికైనా సరే, ఏటా వానలకు ముందు ఉచితంగా టీకా వేయాలి. జ్వరం వచ్చిన రోజులకు కూలి కోయకూడదు.

రాష్ట్ర ప్రభుత్వం అన్నీ ఒకేసారి చేయలేకపోవచ్చు. క్షయ, మలేరియా, డెంగీతో ఇప్పటికే సతమతమవుతున్న వ్యవస్థ అది. కానీ మొదలుపెట్టాల్సిన చోటు స్పష్టంగా ఉంది. ముందు ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, డాక్టర్లు, ఇంటింటికీ తిరిగే సహియాలు (ఆశా కార్యకర్తలు). తర్వాత గర్భిణులు, ఎందుకంటే తల్లికి వేసిన టీకా ఆరు నెలల లోపు టీకా వేయడానికి వీల్లేని పసికందునూ కాపాడుతుంది. వాళ్లతోపాటే షుగరు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న వృద్ధులు. దీనితోపాటు వానాకాలంలోనూ, జనవరి నుంచి మార్చి దాకానూ ఎన్ని నమూనాలు పరీక్షించారో, ఎన్నింటిలో ఫ్లూ తేలిందో వారం వారం జనానికి చెప్పాలి.

జంషెడ్‌పూర్ తెలుగువారికి ఒక విన్నపం. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్‌కు ఎవరు పిలిచినా జనం వస్తారు. డాక్టర్లను రప్పించి ఏప్రిల్, మే నెలల్లో అక్కడ టీకా శిబిరం పెట్టండి. నవమి పందిట్లో పానకం పంచే చేతులే శిబిరంలో పేర్లు రాసుకోవచ్చు. టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి కనుక కరెంటు పోయినా ఆగని ఫ్రిజ్ ఒకటి చూసుకోవాలి. కొనలేని కుటుంబాల డోసులకు చందా వేయండి. రిటైరై క్వార్టర్ ఖాళీ చేసి, మాంగోలోనో సోనారిలోనో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల జాబితా మీ దగ్గరే ఉంటుంది. మొదటి పేర్లు అక్కడి నుంచే రాయండి.