పుదుచ్చేరిలో మూడు బకెట్ల నీళ్ళు

పిల్లలూ! క్రిందటి వేసవి సెలవులలో నేనూ, ఆరవ తరగతి పూర్తిచేసిన మా మనవరాలూ పుదుచ్చేరి వెళ్ళి మూడు రోజులు ఉండి వచ్చాము. అక్కడ ఏమేమి చూశామో ఈ నెల చెబుతాను. దానితోపాటు అక్కడ నేను చేసిన ఒక తప్పును గురించి కూడా చెబుతాను. ముప్పయ్యయిదేళ్ళపాటు పిల్లల తప్పులు దిద్దినవాడు తన తప్పు దాచుకోవటం న్యాయం కాదు గదా!

పుదుచ్చేరి అంటే మన పెద్దవాళ్ళు పాండిచేరి అనే ఊరే. 2006లో పేరు మారింది. చెన్నైనుంచి సముద్రం ఒడ్డునే దక్షిణంగా సుమారు 150 కిలోమీటర్లు పోతే ఆ ఊరు వస్తుంది. ఫ్రెంచి వర్తకులు 1674లో అక్కడ స్థిరపడ్డారు. 1693లో డచ్చివారు ఊరిని పట్టుకుని, 1699లో తిరిగి ఇచ్చారు. 1761లో ఇంగ్లీషువారు దానిని నేలమట్టం చేశారు. కొన్నేళ్ళకు ఫ్రెంచివారు మళ్ళీ కట్టుకున్నారు. చివరకు 1954 నవంబరు 1న దాని పరిపాలన మన దేశం చేతికి వచ్చింది. 1962లో చట్టరీత్యా కూడా మనదయింది. మన కాకినాడకు దగ్గరలో ఉన్న యానాం కూడా ఒకప్పుడు ఫ్రెంచివారిదే. ఈనాటికీ అది పుదుచ్చేరి ప్రభుత్వం కిందనే ఉన్నది.

పాత ఊరి వీథులు గళ్ళకాగితం మీద గీసినట్టు తిన్నగా ఉంటాయి. మధ్యగా ఒక కాలువ పోతుంది. కాలువకు తూర్పున, సముద్రంవైపున, ఫ్రెంచివారి మేడలున్నాయి. పసుప్పచ్చ రంగు వేసిన ఎత్తయిన గోడలు, పెద్ద పెద్ద గేట్లు, గోడలమీదినుంచి వేలాడే కాగితంపూలు. పడమట తమిళుల ఇళ్ళు. వాటికి వీథివైపున స్తంభాల మీద పెంకుల పంచ, దాని లోపల అరుగులు ఉంటాయి. తూర్పున ఇంటివారు చల్లగా ఉండటానికి కట్టుకున్నారు. పడమట దారినపోయేవాడు కూడా చల్లగా కాసేపు కూర్చునేటట్టు కట్టారు. ఈ తేడా కనిపెట్టినది నేను కాదు, మా మనవరాలు.

దానికి పసుప్పచ్చ మేడలో దిగాలని కోరిక. అలాంటి మేడలు కొన్ని హోటళ్ళయినాయి. కాని వాటిలో ఒక్క రాత్రి అద్దె నా వారం రోజుల పింఛను! అందుచేత కాలువకు పడమట ఒక పాత లాడ్జీలో దిగాము. మూడవ అంతస్తులో గది. రెండు మంచాలు, ఒక పంకా, గోడకొక క్యాలెండరు. కిటికీలోంచి చూస్తే పక్క డాబామీద ఆరవేసిన బట్టలు. దుప్పట్లు ఉతికినవే. మాబోటివాళ్ళకు అంతకంటే ఏం కావాలి?

మొదటి రోజు బాగానే గడిచింది. రెండవ రోజు తెల్లవారి కొళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది తప్ప నీటిబొట్టు రాలేదు. నేను వరండాలోకి వెళ్ళి కేక పెట్టాను. పాతికేళ్ళ కుర్రవాడొకడు మెట్లెక్కి వచ్చి, "తణ్ణి ఇల్లై, సార్," అన్నాడు.

"తాతయ్యా, ఎవరిని తన్నాడుట?" అన్నది మా మనవరాలు కంగారుగా.

తమిళంలో తణ్ణి అంటే నీళ్ళు. 'తణ్' అంటే చల్లన, 'నీర్' అంటే నీరు. తన్నీరు అనే ఇంటిపేరుగల తెలుగువాళ్ళను మీరు ఎరిగే ఉంటారు. ఈ సంగతి దానికి చెప్పి నవ్వించాను. కాని ఆ కుర్రవాడితో మటుకు నవ్వుతూ మాట్లాడలేదు.

అతను వెళ్ళి ఒక బకెట్టు నీళ్ళు తెచ్చాడు. "ఇద్దరు మనుషులకు ఒక్క బకెట్టా? అద్దె ముందే పుచ్చుకున్నారు గదా!" అన్నాను. అతను మాట్లాడకుండా వెళ్ళి రెండవ బకెట్టు తెచ్చాడు. నేను స్నానానికి కూర్చున్నాను. సబ్బు ఎంత రుద్దినా నురగ రాలేదు. నురగకు బదులు తెల్లగా విరిగిన పాలముక్కల్లాంటిది ఒంటికి అంటుకున్నది. అది పోవటానికి నీళ్ళు పోసుకున్నాను. మళ్ళీ సబ్బు రుద్దాను. మళ్ళీ పోసుకున్నాను. మనవరాలికోసం ఉంచిన బకెట్టు కూడా ఖాళీ అయింది!

బయటికి వచ్చి ఆ కుర్రవాడిని మళ్ళీ పిలిచి, "మంచినీళ్ళు తెమ్మంటే ఈ పాడునీళ్ళు తెస్తావా? ఇంకొక బకెట్టు పట్రా!" అని అందరూ వినేటట్టు కేకలేశాను. పక్క గదులవాళ్ళు తలుపులు తీసి చూశారు. అతను తల వంచుకుని దిగిపోయాడు. మూడవ బకెట్టు వచ్చింది.

కాఫీకని కిందికి దిగేటప్పుడు మా మనవరాలు మెట్లు లెక్కపెట్టింది. 54 మెట్లు. దిగేసరికి పెరట్లో చేతిపంపు దగ్గర ఆ కుర్రవాడే నీళ్ళు కొడుతున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పక్కనే ఒక పెద్దమనిషి తన బకెట్టు తానే నింపుకుంటున్నాడు. మా తెలుగుమాటలు విని పలకరించాడు. యానాంనుంచి ఆఫీసు పనిమీద వచ్చాడట.

"రాత్రి మోటారు కాలిపోయిందండి, మాస్టారూ. మధ్యాహ్నానికి గాని మెకానిక్కు రాడు. తెల్లవారుజామునుంచీ పద్నాలుగు గదులకూ ఈ అబ్బాయి ఒక్కడే మోస్తున్నాడండి. మరి ఎవరో పెద్దాయన మూడో అంతస్తునుంచి ఒకటే కేకలండి!" అన్నాడాయన. ఆ పెద్దాయనను నేనేనని పాపం ఆయనకు తెలియదు.

మా మనవరాలు నా ముఖంకేసి చూసి, మెల్లిగా లెక్క మొదలుపెట్టింది. "ఒక్కొక్క బకెట్టు పదిహేను లీటర్లు. అంటే పదిహేను కిలోలు. మన మూడు బకెట్లకూ ఆయన మూడుసార్లు 54 మెట్లు ఎక్కాడు. మొత్తం 162 మెట్లు. అంటే తొమ్మిది అంతస్తుల మేడ ఎక్కినట్టే గదా, తాతయ్యా?"

లెక్క సరిగ్గానే ఉన్నది. నేనే తప్పు దిద్దటానికి ఏమీ దొరకక ఊరుకున్నాను.

ఇక అన్నిటికంటే సిగ్గయిన సంగతి వినండి. సబ్బు ఎందుకు నురగ రాలేదో నాకు తెలియనిది కాదు. ఆ పాఠం నేను బడిలో ఎన్నిసార్లో చెప్పాను! వాననీరు నేలలోకి ఇంకేటప్పుడు రాళ్ళలోని, మట్టిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. అటువంటి నీటిని కఠినజలం అంటారు. ఆ లవణాలు సబ్బుతో కలిసి తెల్లని తెట్టెగా విరుగుతాయి. వాటి పని పూర్తయితేగాని మిగిలిన సబ్బుకు నురగ రాదు. నీరు మురికిదీ కాదు, సబ్బు చెడ్డదీ కాదు. ఇక తెచ్చినవాడి తప్పు ఎక్కడున్నది? పుస్తకంలో పాఠం ఒకటి, ఒంటిమీద సబ్బు ఉన్నప్పుడు పాఠం ఒకటీనా?

సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ళకు ఇంకొక చిక్కు కూడా ఉన్నది. దానిని గదిలోనే మా మనవరాలికి చేసి చూపించాను. గాజుగ్లాసులో సగం నీళ్ళు పోసి రెండు చెంచాల ఉప్పు కరిగించాను. మంచినీళ్ళలో చల్లారిన కాఫీ డికాక్షన్ కొంచెం కలిపి, ఆ నీటిని చెంచామీదుగా నెమ్మదిగా ఉప్పునీటిపై వదిలాను. గోధుమరంగు నీరు పైన తేలి నిలిచింది. ఉప్పునీరు తెల్లగా అడుగున ఉండిపోయింది. తీరాన నేలలో కూడా ఇంతే. వాన ఇచ్చిన మంచినీరు పైన ఉంటుంది, సముద్రంనుంచి వచ్చిన ఉప్పునీరు అడుగున ఉంటుంది.

లీటరు మంచినీరు 1000 గ్రాములు తూగితే, లీటరు సముద్రపు నీరు సుమారు 1025 గ్రాములు తూగుతుంది. తేడా 25. వెయ్యిని 25తో భాగిస్తే 40 వస్తుంది. కనుక నేలలోని మంచినీరు సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున నిలిచి ఉంటే, మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల లోతువరకు మంచినీరే ఉండగలదు. మరి మనం ఎడాపెడా తోడి పైనున్న ఆ ఒక్క అడుగునూ తగ్గించామనుకోండి. అడుగునున్న ఉప్పునీరు క్రమంగా 40 అడుగులు పైకి వస్తుంది! ఒడ్డున ఉన్న ఊరిలో బకెట్టు నీళ్ళు వృథా చేయటమంటే సముద్రాన్ని బావిలోకి పిలవటమే. నేను ఆ పూట ఒకటికి రెండు బకెట్లు పిలిచాను.

సాయంకాలం యానాం పెద్దమనిషి మమ్మల్ని భారతి పార్కుకు తీసుకుపోయాడు. పార్కు మధ్య తెల్లని మండపం ఒకటి ఉన్నది. దాని పేరు ఆయి మండపం. ఆయన తన ఆఫీసు కాగితం తీసి చూపించాడు. పుదుచ్చేరి ప్రభుత్వపు ముద్ర మీద ఉన్నది కూడా ఆ మండపమే! దానిని గురించి అక్కడ చెప్పుకునే కథ ఇది.

ఒకనాటి సంధ్యవేళ శ్రీకృష్ణదేవరాయలు ఆ ప్రాంతం మీదుగా పోతూ, దూరాన దీపాలతో వెలిగిపోతున్న ఒక కట్టడాన్ని చూశాడు. అది దేవాలయమనుకుని చేతులు జోడించి నమస్కారం చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. "మహారాజా, అది గుడి కాదు. ఆయి అనే నాట్యకత్తె ఇల్లు," అన్నారు. రాజుకు అవమానమయింది. వెంటనే ఆ ఇంటిని పడగొట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆయి వచ్చి, "ప్రభూ! నా ఇంటిని నేనే తీసివేస్తాను. ఆ చోట జనంకోసం ఒక చెరువు తవ్వించనివ్వండి," అని వేడుకున్నది. రాజు ఒప్పుకున్నాడు. ఆమె తన సొమ్మంతా పెట్టి చెరువు తవ్వించింది.

ఫ్రాన్సు దేశాన్ని 1852 నుంచి 1870 వరకు మూడవ నెపోలియన్ ఏలాడు. ఆయన కాలంలో ఊరికి పడమటనున్న ముత్తిరపాళయంనుంచి తియ్యని నీటిని ఈ పార్కుదాకా తెచ్చారు. చక్రవర్తి ఆయి కథ విని, ఆమె పేర మండపం కట్టమన్నాడని చెబుతారు. సేనలు నడిపినవారి పేర్లు ఆ ఊరి వీథులకున్నాయి. ప్రభుత్వపు ముద్ర మీద మటుకు నీళ్ళు ఇచ్చిన మనిషి జ్ఞాపకమే ఉన్నది.

కథ విని మా మనవరాలు కాసేపు ఆలోచించింది. "తాతయ్యా, గుడి అనుకున్నది రాజుగారు గదా! పొరపాటు ఆయనది. కోపం ఆమె మీద ఎందుకు వచ్చింది?" అన్నది.

నేను జవాబు చెప్పలేదు. జవాబు నాకు పొద్దున్నే తెలిసింది. తన పొరపాటు నలుగురిలో బయటపడితే, మనిషికి ఎదుటివాడి మీద కోపం వస్తుంది. రాజుకైనా అంతే, హెడ్మాస్టరుకైనా అంతే.

లాడ్జీకి తిరిగివచ్చేసరికి మోటారు బాగయింది. ఆ కుర్రవాడు మెట్ల కింద బల్లమీద కూర్చుని అన్నం తింటున్నాడు. అతను తినటం అయిందాకా ఆగి, యానాం పెద్దమనిషిని వెంటబెట్టుకుని దగ్గరికి వెళ్ళాను. "బాబూ, పొద్దున తప్పు నాది. నలుగురిలో నిన్ను అన్నాను కనుక నలుగురిలోనే చెబుతున్నాను," అన్నాను. ఆయన దానిని తమిళంలో చెప్పాడు. ఆ కుర్రవాడు గబగబా లేచి నిలబడ్డాడు. కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత, "పరవాయిల్లై, సార్," అని నవ్వాడు. పరవాలేదు అని అర్థం. ఆ తరువాత మా మనవరాలితో ఏదో అన్నాడు. యానాం పెద్దమనిషి నవ్వుతూ, "రేపు కొళాయిలో నీళ్ళొస్తాయట. తాతగారిని ఒక్క బకెట్టుతో సరిపెట్టుకోమంటున్నాడండి," అని చెప్పాడు.

మరునాడు సగం బకెట్టుతోనే సరిపెట్టుకున్నాను.

ఈ నెల మీరు ఇంట్లో చేయవలసిన పని: మూతలున్న రెండు ఒకే రకం సీసాలు తీసుకోండి. ఒకదానిలో సగానికి వాననీరు, రెండవదానిలో అంతే బావినీరుగాని బోరునీరుగాని పోయండి. రెంటిలోనూ సమంగా ఒంటిసబ్బు తురుము వేయండి. బట్టలపొడి వేయకండి, అది కఠినజలంలో కూడా నురగ ఇస్తుంది. మూతలు బిగించి చెరి ఇరవైసార్లు ఊపి, నురగ ఎత్తును స్కేలుతో కొలవండి. మీ నీరు ఎటువంటిదో మీకే తెలుస్తుంది. తరువాత, ఆ నీటిని మీ ఇంటిదాకా తెచ్చేవాళ్ళు ఎవరెవరో అమ్మనూ, నాన్ననూ అడిగి పేర్లు రాసుకోండి.