నవ్వుతూ చేస్తే నేరం కాదా?

మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మొన్న సెలవులకి వచ్చి మా ఇంట్లో వారం రోజులున్నాడు. ఉన్నాడన్న మాటే గాని, వాడి తల ఎప్పుడూ సెల్‌ఫోనులోనే. ఓ మధ్యాహ్నం నేను వంటింట్లో కందిపచ్చడి రుబ్బుకుంటూ ఉంటే హాల్లోంచి ఓ నవ్వు వినిపించింది. మామూలు నవ్వు కాదు సుమండీ! మరచెంబులో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది.

"ఎవర్రా ఆ నవ్వేది?" అన్నాను గుండెలు పట్టుకుని.

"కెఫ్కా, అత్తా! భలే సరదా మనిషి. నాకు వాడంటే ప్రాణం" అన్నాడు.

ఆ మాట దగ్గరే మొదలైంది మా తగువు. అదేం ఆటో, వాడెవడో తెలియకుండా దెబ్బలాడ్డం నా పద్ధతి కాదు. అంచేత చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన కూర్చుని అంతా చెప్పించుకున్నాను.

ఆట పేరు ఫైనల్ ఫాంటసీ. ఆ వరసలో ఇది ఆరోది. జపానులో స్క్వేర్ అనే కంపెనీ 1994లో తెచ్చిందట. అమెరికాలో అదే ఏడు దీన్ని మూడోదని చెప్పి అమ్మారు. మధ్యలోవి కొన్ని అక్కడికి వెళ్ళనే లేదు మరి! 2022లో కొత్త బొమ్మలు వేసి సెల్‌ఫోనులోకి కూడా తెచ్చారు. మావాడు ఆడుతున్నది అదే.

ఈ కెఫ్కా ఒక చక్రవర్తి కొలువులో మంత్రవిద్య తెలిసినవాడు. యొషితక అమానో అనే చిత్రకారుడు వాణ్ణి సర్కస్ బఫూన్‌లా వేశాడు. మొహానికి తెల్లరంగు, పెదాలకి ఎరుపు, మెడచుట్టూ కుచ్చులు, రంగురంగుల బట్టలు. చూడగానే నవ్వొస్తుంది. ఎడారి దాటుతూ బూట్లకి ఇసక అంటిందని సైనికుల చేత తుడిపించుకుంటాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అక్కడ నేనూ నవ్వాను. ఎడారిలో ఇసక కాక మరేం అంటుతుంది!

ఆ తర్వాత చూపించాడు మావాడు అసలు సంగతులు. టెర్రా అనే పిల్ల తలకి ఒక కిరీటం తగిలిస్తాడు. నగ అనుకునేరు, అది తొడిగితే ఇక సొంత బుద్ధి ఉండదు. ఆ పిల్ల చేత మనుషుల్ని తగలబెట్టించి, పక్కన నిలబడి నవ్వుతాడు. డోమా అని ఒక కోట ఉంది. దాన్ని ముట్టడించిన సేనాని లియో ధర్మం తెలిసినవాడు. అతను అటు వెళ్ళగానే వీడు ఆ నీళ్ళలో విషం కలుపుతాడు. లోపల మనవాళ్ళు కూడా బందీలుగా ఉన్నారండీ అని ఓ సైనికుడు చెబితే లక్ష్యపెట్టడు. ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ పోతారు. సయన్ అనే వీరుడు పరుగెత్తుకుని ఇంటికి వెళ్ళి చూస్తే భార్యా, కొడుకూ ఇద్దరూ ప్రాణాలు లేకుండా పడి ఉంటారు. అక్కడా వీడి నవ్వే! చివరికి ఆ లియోని కూడా చంపేస్తాడు.

"ఇదేనా సరదా?" అన్నాను.

"అది కాదత్తా, వాడు జోకర్. అలాగే ఉంటాడు" అన్నాడు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. జోకరంటే ఎవరు? మనకి హాస్యగాళ్ళు లేరా? సంస్కృత నాటకాల్లో విదూషకుడున్నాడు. తోలుబొమ్మలాటలో కేతిగాడున్నాడు. తెనాలి రామకృష్ణుడి కథలు మనం చిన్నప్పట్నించీ చెప్పుకుంటూనే ఉన్నాం. వీళ్ళు ఎవర్ని చూసి నవ్వారు? రాజుని, రాజగురువుని, డబ్బున్నవాణ్ణి, గొప్పలు పోయేవాణ్ణి. కింద నిలబడి పైవాణ్ణి చూసి నవ్వడం హాస్యం. అందులో ధైర్యం ఉంది. పైన కూచుని కిందపడ్డవాణ్ణి చూసి నవ్వడం హాస్యం ఎలా అవుతుంది? మొహానికి రంగు పూసుకున్నంత మాత్రాన క్రూరుడు విదూషకుడైపోడు.

మావాడు ఊరుకుంటాడా! ఇంకో వాదం తీశాడు. కెఫ్కా మొదట మామూలు మనిషేనట. సిడ్ అనే శాస్త్రజ్ఞుడు మనిషిలోకి మంత్రశక్తి ఎక్కించే ప్రయోగం మొట్టమొదట వీడి మీదే చేశాడట. అది అప్పటికింకా సరిగ్గా కుదరక వీడి బుర్రలో ఏదో తెగిపోయిందట. "పాపం కదత్తా?" అన్నాడు.

పాపమే, కాదనను. కాని ఆ ఆటలో దెబ్బ తిననివాళ్ళెవరు? కిరీటం తగిలించుకుని బుద్ధి పోగొట్టుకున్న టెర్రా లేదూ? ఇల్లంతా వల్లకాడైన సయన్ లేడూ? వాళ్ళెవరూ బావుల్లో విషం కలపలేదే! దెబ్బ తినడం మన చేతిలో లేదు. ఆ దెబ్బని ఇంకొకళ్ళకి కొట్టడం మన చేతిలోనే ఉంది. అత్త పెట్టిన ఆరళ్ళు కోడలి మీద తీర్చుకునేవాళ్ళని మనం చూడలేదూ?

నాకు వాడి కంటే చక్రవర్తి మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆయన పేరు గెస్టాల్. వీడి బుద్ధి తెలిసీ పక్కనే పెట్టుకున్నాడు, పనికొస్తాడు గదా అని. కొలువులో మిగతావాళ్ళు పిచ్చివాడులే అని సరిపెట్టుకున్నారు. చివరికేమైంది? లోకాన్ని నిలబెట్టే మూడు దేవతా విగ్రహాలని వాడు కదిలించబోతే అప్పుడు వద్దన్నాడు చక్రవర్తి. ముందు ఆయన్నే చంపి కిందికి తోశాడు! లోకం ముక్కలైపోయింది. 'సరదా మనిషి' దేవుడై కూచున్నాడు.

"ఆటే కదటే, దానికింత రాద్ధాంతమా?" అన్నారు మావారు, పేపరు పక్కన పెట్టి.

ఆట కాబట్టే చెబుతున్నాను. 1975లో వచ్చిన ముత్యాలముగ్గు సినిమాలో రావు గోపాలరావు ఒక ఇల్లాలి కాపురం కూల్చే కంట్రాక్టు తీసుకుంటాడు. ఆ మాటల విరుపులు చెప్పుకుని ఇప్పటికీ మురిసిపోతాం. నటుణ్ణి మెచ్చుకోవలసిందే. కాని ఆ ఇల్లాలి కన్నీళ్ళు మనలో ఎందరికి గుర్తున్నాయి?

నా సంగతీ చెబుతాను. ముప్ఫయ్యేళ్ళ కిందట మా బంధువుల ఇంట్లో పెళ్ళి. పెళ్ళికూతురు చామనఛాయ. పీటల మీద కూచున్న పిల్లని చూసి ఓ పెద్దాయన, "దీపం పట్టుకురండర్రా, పెళ్ళికూతురు కనపడ్డం లేదు" అన్నాడు. పందిరంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల తల ఇంకాస్త కిందికి వాలిపోయింది. తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆయనేమన్నాడో తెలుసా? "ఊరికే సరదాకి అన్నానమ్మా, ఆ మాత్రం హాస్యం కూడా తెలీదూ?" అని. తప్పు ఆవిడ మీదికి వచ్చిపడింది! ఆయన అన్న మాట ఆయన మర్చిపోయి ఉంటాడు. నేను నవ్విన నవ్వు మాత్రం నేను మర్చిపోలేదు.

విషానికీ ఛలోక్తికీ పోలికేమిటంటారా? చేసిన పనిలో పోలిక లేదు. చేశాక నవ్వేసి తప్పుకునే పద్ధతిలో ఉంది. ఆ నవ్వుకి వంత పాడే మనలో ఉంది.

ఈ ఆట తయారుచేసినవాళ్ళని మాత్రం మెచ్చుకున్నాను. వాళ్ళు ఆ నవ్వుకి జవాబు చెప్పారు. లోకం పాడైన ఏడాదికి సెలెస్ అనే అమ్మాయి ఒక దీవిలో కళ్ళు తెరుస్తుంది. ఒకప్పుడు ఆ రాజ్యంలోనే సేనాని. ఇప్పుడు ఆమె పని చేపలు పట్టి, జబ్బుపడ్డ ముసలి సిడ్‌కి పెట్టడం! చురుగ్గా ఈదే చేపలు తెచ్చి పెడితే కోలుకుంటాడు. నీరసంగా ఈదేవి పెడుతూ పోతే చచ్చిపోతాడు. రోగికి పథ్యం పెట్టే పని కూడా ప్రాణం నిలిపే పనేనని ఒక యుద్ధాల ఆట చెబుతుందని నేననుకోలేదు. టెర్రా ఏం చేస్తోందంటారా? తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల్ని సాకుతోంది.

ఆఖరి పోరు చూడమని మావాడే పిలిచాడు. నొబువో ఉయెమాత్సు కట్టిన సంగీతం ఆర్గన్ మీద దాదాపు 17 నిమిషాలు మోగుతుంది. కూలిపోయేవాటిని ఎందుకు కట్టుకుంటారని కెఫ్కా అడుగుతాడు. వీళ్ళు ఒక్కొక్కరే తమకి దొరికినదేమిటో చెబుతారు. ప్రేమ, స్నేహం, పిల్లలు, గుండెలో మిగిలిన భార్యాబిడ్డలు. నీతివాక్యాల పుస్తకంలా ఉందని వాడు వెక్కిరిస్తాడు. వెక్కిరించనీండి. దేవుడైపోయినా వాడికి చేతనైనది అదొక్కటే.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు మా మరిదితో, "మీ వదినకి ముసలితనంలో వీడియో ఆటల పిచ్చి పట్టింది. ఇక ఇంట్లో జోకర్ని వేరే వెతుక్కోనక్కర్లేదు" అన్నారు. మా మేనల్లుడు నా మొహంలోకి చూశాడు, నవ్వలేదు. మరిదీ నవ్వలేదు. కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

"సాంబారు బాగా కుదిరిందోయ్" అన్నారు మావారే, కంచంలోకి చూస్తూ.